పట్టు ఊళ్లో సిల్క్‌సాంగ్

ఆట నాయిక హార్నెట్ చచ్చిన చోట శవం ఉండదు. ఒక పట్టుగూడు ఉంటుంది. అప్పటిదాకా కూడబెట్టిన పూసలన్నీ ఆ గూట్లోనే చిక్కుకుని ఉంటాయి. మళ్లీ బతికి లేచి, వచ్చిన దారినే పడుతూ లేస్తూ పోయి, సూదితో ఆ గూటిని పగలగొడితే పూసలు చేతికొస్తాయి, వాటితో పాటు పట్టుదారమూ వస్తుంది. దారిలో ఇంకోసారి చచ్చామంటే ఆ పాత గూడు ఇక దొరకదు.

ఈ ఆట పేరు 'హాలో నైట్: సిల్క్‌సాంగ్'. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉండే టీమ్ చెర్రీ అనే చిన్న బృందం చేసింది. అందులో ముఖ్యులు ముగ్గురే. 2019 ఫిబ్రవరిలో ఈ ఆట గురించి చెప్పి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నోరు విప్పకుండా పని చేసుకుని, 2025 సెప్టెంబర్ 4న విడుదల చేశారు. ఆ రోజు కొనేవాళ్ల తాకిడికి స్టీమ్, ప్లేస్టేషన్, నింటెండో, ఎక్స్‌బాక్స్ స్టోర్లు అన్నీ ఒకేసారి మొరాయించాయి. ధర 20 డాలర్లు. పెద్ద కంపెనీలు 70 డాలర్లు, 80 డాలర్లు అడుగుతున్న కాలంలో ముగ్గురు మనుషుల ఆటకు ప్రపంచం గుమ్మం ముందు నిలబడింది.

ఆట ఎంత కష్టంగా ఉందన్న దాని మీదే అందరూ వాదించుకున్నారు. నాకు మాత్రం మొదటి గంటలోనే వేరే సంగతి మనసులో పడింది. ఇది దారం ఆట. దారమే ఆయుధం, దారమే మందు, దారమే శాపం. నేనున్నది హిందూపురంలో. మాది గూళ్లు అమ్మే ఊరు. రైలెక్కి పెనుకొండ దాటితే ధర్మవరం, అక్కడ ఆ దారం చీర అవుతుంది. ఇలాంటి చోట కూర్చుని ఈ ఆట ఆడటం వేరు.

మా పట్టుగూళ్ల మార్కెట్ చూడనివాళ్ల కోసం ఒక్క మాట. తెల్లటి బైవోల్టిన్ గూళ్లు, పసుపు తిరిగిన సీబీ గూళ్లు ట్రేల నిండా పోసి ఉంటాయి. గూళ్లు కొని దారం తీసే రీలర్లు గుప్పెడు తీసి అరచేతిలో దొర్లించి చూస్తారు, ఒకదాన్ని చెవి దగ్గర పెట్టి ఆడిస్తారు. లోపల ప్యూపా గలగలమంటే గూడు మంచిది. చప్పుడు లేకపోతే అది లోపలే చివికి గోడకు అంటుకుందని అనుమానం, ధర తగ్గుతుంది. రాత్రంతా మల్బరీ ఆకు కోసి మేపి, నాలుగు జ్వరాలు (పురుగు తోలు విడిచే నిద్రలు) దాటించి, చంద్రికల మీద గూడు కట్టించి తెచ్చిన రైతు ఆ చెవి వైపే చూస్తుంటాడు.

మా చిన్నమ్మ చాలా ఏళ్లు రీలింగ్ పనిచేసింది. వేడినీళ్లలో నాని నాని ఆమె వేళ్ల కొసలు ఇప్పటికీ గరుకుగానే ఉంటాయి. నేను ఆడుతుంటే పక్కన కూర్చుని కాసేపు చూసి, "ఏందిరా, గూడు పగలగొడ్తాండావు? పగిలిన గూటికి పోగెట్లొస్తాది?" అంది. పురుగు రెండు మూడు రోజులు తల అటూ ఇటూ తిప్పుతూ తెగకుండా ఒకే పోగు వదులుతుంది. మంచి బైవోల్టిన్ గూట్లో అది కిలోమీటరు దాకా ఉంటుంది. లోపలున్నది రెక్కల పురుగై గూటికి చిల్లి పెట్టుకుని బయటికొచ్చిందంటే ఆ పోగు ముక్కలు ముక్కలే. అందుకే అది బయటికి రాకముందే వేడిగాలి పెట్టి చంపుతారు. తర్వాత గూళ్లను ఉడకబెట్టి, జిగురు వదిలాక పోగు కొస పట్టుకుని, ఏడెనిమిది గూళ్ల పోగులు కలిపి ఒక దారంగా లాగుతారు. చిన్నమ్మ లెక్కలో గూడు పగిలిందంటే సరుకు పోయినట్టే. ఆటలో గూడు పగిలితేనే బతుకు. "అయితే ఆ పురుగును చంపకుండా ఇడుస్తారన్నమాట" అని కాసేపు ఆలోచించి, "మంచిదేలే" అంది. ఈ ఆట మీద ఇంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

దారాన్ని ఆట ఎలా వాడుకుంటుందో కొంచెం చెప్పాలి. శత్రువును కొట్టిన ప్రతిసారీ కాస్త కాస్త దారం చుట్టలోకి చేరుతుంది. ఆ దారంతో దెబ్బలు కట్టుకోవచ్చు, లేదా దాన్నే ఆయుధం చేసి విసరొచ్చు. కట్టు కట్టుకోవాలంటే మొదట్లో ఉన్న చుట్ట మొత్తం ఖర్చవుతుంది, ఒక్కసారిగా మూడు ముసుగుల ప్రాణం తిరిగొస్తుంది. మనకున్నవి ఐదే ముసుగులు. కాబట్టి ప్రతి పోరులోనూ ఇప్పుడు కట్టుకోవాలా, ఇంకో దెబ్బ వేయాలా అన్న లెక్క తలలో తిరుగుతూనే ఉంటుంది. బెల్‌హార్ట్ అనే ఊరు మొదటిసారి చేరినప్పుడు ఇళ్లూ మనుషులూ మొత్తం దారాలతో బిగించి కట్టేసి ఉంటాయి. ఆ ఊరిని పట్టిన విడో అనే రాక్షసిని ఓడించాకే కట్లు వీడతాయి, జనం కదులుతారు. అక్కడ నేను కంట్రోలర్ పక్కన పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. అప్పులో చిక్కుకున్న మగ్గాల ఇళ్లు తెలిసినవాణ్ణి, నాకది ఊరికే బొమ్మలా అనిపించలేదు.

కష్టం సంగతి. చాలామంది శత్రువులు ఒక్క దెబ్బకు రెండు ముసుగులు లాగేస్తారు. గోల ఎక్కువయ్యాక మొదటి ప్యాచ్‌లోనే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాస్‌లను కొంచెం మెత్తబరిచారు. నా మటుకు ఆ అవసరం లేదు. వాళ్లు చేతిని అడిగారు, చెయ్యి నేర్చుకుంటుంది. కానీ లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గర ఓడిన ప్రతిసారీ ఆ గాలిలో, ఆ రాళ్ల మీద మళ్లీ అంత దూరం గెంతుకుంటూ పోవాల్సిన ఏర్పాటు మాత్రం నాకు నచ్చలేదు. అది నైపుణ్యానికి పెట్టిన పరీక్ష కాదు, పొద్దున పనికి పోవాల్సినవాడి నిద్రకు పెట్టిన పరీక్ష. ఇంత ప్రేమగా కట్టిన ఆటలో ఆ ఒక్కటి నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ధర్మవరంలో నా స్నేహితుడొకడు చీరల డిజైన్లు వేస్తాడు. ఈ ఆటను వాడికి చూపించాలనే నింటెండో స్విచ్ సంచిలో వేసుకుని పోయాను. వాడు ఆట కంటే ముందు బొమ్మను చూశాడు. "ఇదంతా చేత్తో గీసిందే కదా మామా" అన్నాడు. నిజమే, చేత్తో గీసిందే. వాడి కన్ను అలాంటిది. గళ్ల కాగితం మీద అంచు గీయడం నేర్చుకున్నవాడు. ఒక్కో గడి ఒక్కో పడుగు పోగు లెక్క. ఎక్కడ పోగు లేవాలో అక్కడ గడి నింపాలి, లేవకూడని చోట ఖాళీగా వదలాలి. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు, అట్టలన్నీ వరసగా కుట్టి మగ్గం మీది జకార్డుకు ఎక్కిస్తారు. చిల్లి ఉన్న చోట కొక్కెం పోగును లేపుతుంది, నాడె ఆ సందులోంచి పోతుంది. హంస, మామిడిపిందె, రుద్రాక్ష అన్నీ ఇలాగే పుడతాయి. ఇప్పుడు కంప్యూటర్లో గీసి ఎలక్ట్రానిక్ జకార్డుకు పంపేవాళ్లూ ఉన్నారు, కానీ లెక్క అదే.

ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో ఈ యంత్రాన్ని తెచ్చాడు. ఆ అట్టల ఆలోచననే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అరువు తెచ్చుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకు హోలెరిత్ చేసిన యంత్రాలు కూడా చిల్లుల అట్టలతోనే నడిచాయి. ఆ దారిలోనే కంప్యూటరొచ్చింది, కంప్యూటర్లోంచి నా స్విచ్ వచ్చింది. పాత ఆటల్లో హీరో బొమ్మను గడి గడిగా నింపి చేసేవాళ్లు. ధర్మవరం డిజైనరు గళ్ల కాగితం మీద చేసేదీ అదే పని. వీడియో గేములు మనకు బొత్తిగా పరాయివని ఎవరైనా అంటే, ధర్మవరం వీధుల్లో మగ్గం చప్పుడు వినిపించే ఏ ఇంట్లోకైనా తీసుకెళ్లి పైన వేలాడే అట్టలు చూపిస్తాను.

2025 నాటి వార్తలు చూస్తే నా నమ్మకం చిన్న బృందాల వైపే మొగ్గుతోంది. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6' 2025లో వస్తుందన్నారు, 2026 మే 26 అన్నారు, తర్వాత నవంబర్ 19కి జరిపారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 55 బిలియన్ డాలర్లకు సౌదీ నిధి, ఇంకో ఇద్దరు మదుపరులు కలిసి కొంటున్నట్టు 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అదే 2025లో ఎక్స్‌బాక్స్‌వాళ్లు గేమ్ పాస్ అల్టిమేట్ చందా పెంచారు. ఇవన్నీ చదివి పక్కన పెట్టే వార్తలు. అదే ఏడాది ఫ్రాన్సులోని మాంపెలియే ఊరినుంచి శాండ్‌ఫాల్ అనే కొత్త స్టూడియో 'క్లేర్ ఆబ్స్‌క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33' తెచ్చింది. ప్రధాన బృందం 30 మంది చిల్లర. ఒక చిత్రకారిణి ఏటా ఒక అంకె గీస్తుంది, ఆ వయసు వచ్చినవాళ్లంతా ధూళై పోతారు. మొదటి అరగంటలోనే ఒక జంట చేతులు పట్టుకుని ఆ ఘడియ కోసం ఎదురుచూస్తారు. నేను ఏడ్చాను. డిసెంబర్‌లో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగా అదే గెలిచింది. మా వైపు మగ్గం ఇంట్లో మొగుడు నేస్తాడు, పెళ్లాం కండెలు చుడుతుంది, పెద్దాయన పడుగు సరిచేస్తాడు. చీరలో ఎక్కడ తప్పొచ్చినా అది ఎవరి చేతిదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఈ చిన్న బృందాల ఆటల్లో నాకు అలాంటి బాధ్యత కనిపిస్తుంది.

అయితే మా ఊళ్లో 'గేమింగ్' అంటే పెద్దవాళ్ల మొహం ఎందుకు మారుతుందో కూడా చెప్పాలి. వాళ్లకు తెలిసిన గేమింగ్ ఫోన్‌లో రమ్మీ, క్రికెట్ బెట్టింగు. వాటిల్లో డబ్బు పోగొట్టుకున్న ఇళ్లు మా వైపూ ఉన్నాయి, వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా ఆపి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఆ గీత గీసినందుకు నాకు సంతోషం. నేను ఆడేదానికీ దానికీ సంబంధం లేదని ఇప్పుడు మా నాయనకు చట్టం పేరు చెప్పి వివరించగలుగుతున్నాను.

ఇక నా అసలు ఆశ: మన ఊళ్లు మనమే చేసిన ఆటలోకి ఎక్కాలి. 2024 ఆగస్టులో చైనా స్టూడియో గేమ్ సైన్స్ 'బ్లాక్ మిత్: వుకాంగ్' తెచ్చింది. అందులో వాడిన 36 నిజమైన చోట్లలో 27 షాన్షీ రాష్ట్రంలోవే. పాత గుళ్లను, విగ్రహాలను స్కాన్ చేసి ఆటలో పెట్టారు. ఆట ఆడినవాళ్లు ఆ గుళ్లను వెతుక్కుంటూ షాన్షీకి బయల్దేరారు. మన పక్క హొయసల శిల్పం కూడా 2017లో 'అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ'లోకి ఎక్కింది. కానీ అది నిధి వేటకు వచ్చిన బయటివాళ్ల కథ. గుడి అక్కడ ఎక్కి దూకే గోడలాగే మిగిలింది.

లేపాక్షి మా ఊరికి 15 కిలోమీటర్లే. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన ఆ గుళ్లో, లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలూ గళ్లూ ఇప్పటికీ ధర్మవరం చీర అంచుల్లో కనిపిస్తాయి. పెనుకొండైతే ఆట కోసమే పుట్టినట్టుంటుంది. 1565లో తల్లికోట యుద్ధం పోయాక తిరుమల దేవరాయలు విజయనగర రాజధానిని అక్కడికి తెచ్చాడు. కొండ కింద గగన్ మహల్, ఊళ్లో పార్శ్వనాథుడి జైన గుడి, బాబయ్య దర్గా, పైకి పోయేకొద్దీ విరిగిన బురుజులు, నీళ్ల గుంతలు, కొండ మీద నరసింహస్వామి. కింద నుంచి పైకి ఎక్కుతూ, ఒక్కో ద్వారం తెరుచుకుంటూ పోయే ఆటకు ఇంతకంటే మంచి పటం ఎవరు గీయగలరు?

నా స్నేహితుడూ నేనూ ఇప్పుడు అలాంటి ఆట తయారుచేసే పని మీదే ఉన్నాం. హీరోయిన్ నేతపని అమ్మాయి, చేతిలో నాడె. శత్రువు ఎవరన్నదాని దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. వాడు సుల్తాను సైన్యం అన్నాడు, నేను ఒప్పుకోలేదు. దర్గా ముందు, గుడి ముందు ఒకే జనం మొక్కే ఊరికి ఆ కథ తగదు. ఆఖరికి గుప్తనిధుల తవ్వకందార్లను ఖాయం చేశాం. రాత్రిపూట వచ్చి శివలింగాల కింద, నందుల కింద గుంతలు తీసే ముఠాల వార్తలు మా జిల్లాలో అందరికీ తెలిసినవే. ఒక్కో మండపం కింద ఒక్కో ముఠా, వాళ్లను తరిమితేనే విగ్రహం మళ్లీ నిలబడుతుంది. అమ్మాయి బొమ్మ 32 గళ్ల ఎత్తు. చీర అంచు రంగు దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇంకా తెగలేదు. వాడు ఎరుపంటాడు. పెనుకొండ బండల ముందు ఎరుపు కలిసిపోతుంది, అమ్మాయి దూకినప్పుడు కాలు ఎక్కడ పడిందో ఆడేవాడికి కనిపించదు, పసుపే పెట్టాలని నేనంటాను.