కాళేశ్వరం నీళ్లు... కోరంగి ఓడలు

జనగామ, మహబూబాబాద్ వాళ్లకు ఓడంటే సినిమాలో చూసిందే! భూపాలపల్లి జిల్లాకు మాత్రం గోదారి ఉంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వరం నుంచి, వంతెన రాకముందు, అవతలి ఒడ్డున ఉన్న సిరోంచకు పడవెక్కే పోయేవారు. ప్రాణహితను కలుపుకుని సాగే ఆ నీరే యానాం దగ్గర చీలి, కోరంగి పాయగా సముద్రం చేరుతుంది.

చెక్క ఓడలు పుట్టిన చోటది. ఆ రేవు నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ 'కోరంగీలు' అన్న పేరే నిలిచిపోయింది. 1839 నవంబరు ఉప్పెన రేవును ముంచేసింది. అయినా పక్కనే తాళ్లరేవులో ఓడల పని ఆగలేదు. కాగితం మీద గీతలుండవు, మేస్త్రి కన్నే కొలత. అడుగున వెన్నెముకలాంటి దూలం, దానిపై పక్కటెముకల్లా వంపుకర్రలు, వాటికి పలకలు. సందుల్లో నూనెలో తడిపిన దూది కూరాలి.

పాత ఓడను ఒడ్డుకెక్కించి దాచుకుందామంటే కుదరదు. ఎండకు పలకలు ఆరి సందులు విచ్చుకుంటాయి. పోనీ నీళ్లలోనే వదిలేస్తే పురుగు తొలిచేస్తుంది. తిరుగుతూ, ఏటా మరమ్మతు చేయించుకుంటేనే దానికి ఆయుష్షు.

కాకినాడలో దూరాన లంగరేసిన ఓడల సరుకును ఒకప్పుడు చెక్క నావలే మోసేవి. తర్వాత ఇనుప బార్జీలొచ్చాయి. వాటికి దూదితో పనేముంది?