ఐదో మాట

అనంతగిరి గుట్ట పేరెత్తితే మా అత్తమ్మ ఈడువాళ్లకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఇప్పుడక్కడికి హైదరాబాద్ నుంచి జనం మూసీ పుట్టిన చోటు చూడ్డానికి, సెలవు రోజు చల్లగా తిరగడానికి వస్తారు. మా మోమిన్‌పేట్ ముసలివాళ్లకు మాత్రం అది క్షయ రోగుల దవాఖాన. 2020 ఫిబ్రవరి ఆఖర్లో నాకు ఆ రోగమే వచ్చిందని తేలినప్పుడు, అత్తమ్మ మొదట అడిగింది "గుట్ట మీదికి తోలిస్తరా?" అని.

దగ్గు క్రిస్మస్ నుంచే ఉంది. చలిలో క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగినందుకే అనుకున్నాం. డబ్బులు తీసుకుని చూసిన ఒక డాక్టరు వరసగా సిరప్పులే రాశాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి జాకెట్టు చెమటతో తడిసిపోయేది. మనుషుల కొలతలు తీసి రవికెలు కుట్టే నేను, నా రవికెలనే రెండుసార్లు లోపలికి కుట్టుకున్నాను. మా వాడకు వచ్చే ఆశా అక్క నా దగ్గు విని, "రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయాలె" అని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బీ చేతిలో పెట్టింది. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, ఊపిరి లోపలికంటా పీల్చి, లోతు నుంచి దగ్గి ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పనికిరాదు. దాన్ని సీబీనాట్ అనే మెషిన్‌లో పెడతారు. రోగం ఉందో లేదో, అసలు మందుకు లొంగుతుందో లేదో కూడా అది చెబుతుంది. నాది లొంగే రకమేనన్నారు.

నా బరువు 41 కిలోలు, అందుకని రోజుకు మూడు గోలీలు. మొదటి రెండు నెలలు ఒక్కో గోలీలో నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడొద్దని ముందే చెప్పారు. కన్నీళ్లు కూడా ఆ రంగే అవుతాయని నాకు నేనే తెలుసుకున్నాను. కొంగుతో తుడుచుకుంటే మరక.

మాది మెథడిస్టు సంఘం. వికారాబాద్ చుట్టూ పల్లెల్లో మా తాతల కాలం నుంచీ ఉన్న సంఘాలివి. నవంబరులో ధారూర్ జాతరకు పోయి డేరా వేసుకుని, అక్కడే వండుకు తింటూ పెరిగినవాళ్లం. స్త్రీల సమాజంలో ప్రార్థన ఎత్తుకోమంటే అందరూ నా వైపే చూసేవారు. గుక్క తిప్పుకోకుండా చేసేదాన్ని. ఎవరింట్లో జబ్బైనా, చావైనా ముందుగా పోయేదీ నేనే. ఇంకొకరు నాకోసం రావాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

మార్చి 22న జనతా కర్ఫ్యూ, వెంటనే లాక్‌డౌన్. దగ్గే మనిషిని చూస్తే ఊరంతా వణికే రోజులవి. కుట్టమని ఇచ్చిన బట్టల్ని, సగం కత్తిరించినవాటిని కూడా, మనుషుల్ని పంపి తెప్పించుకున్నారు. గుడి తలుపులు మూశారు. నాకు వెనక అర్ర, వేరే తలె, వేరే చెంబు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకే రోగం ఇంకొకరికి అంటించే బలం పోతుందని ఆశా అక్క గుమ్మంలో నిలబడి అత్తమ్మకు ఎన్నిసార్లు చెప్పిందో. అత్తమ్మ తలూపేది, చెంబు గడప దగ్గరే పెట్టేది. ఆమెను తప్పు పట్టలేను. ఆమె తమ్ముడు ఆ గుట్ట మీదికి పోయి తిరిగి రాలేదు.

ఆ రోజుల్లోనే ఎక్కడి నుంచో ఒక దైవసేవకుడు ఫోన్‌లో ప్రార్థన చేసి, గోలీలు ఆపితేనే నా విశ్వాసం తెలుస్తుందన్నాడు. సరే అయ్యగారూ అని ఫోన్ పెట్టేసి మూడు గోలీలూ వేసుకున్నాను. మధ్యలో ఆపితే క్రిములు మొండికేసి, తర్వాత ఆ మందులకే లొంగకుండా పోతాయి. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లు ఆ తర్వాత వచ్చేదానికి మన పక్కన ఉండరు.

మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటల్ని ఏడుగురు ధ్యానిస్తారు. నాకు ఎప్పుడూ ఐదోది వచ్చేది, దాహం గురించినది. అది మన ఆత్మల కోసం ప్రభువు పడ్డ దాహమని వివరించేదాన్ని. అమ్మలక్కలు కళ్లు తుడుచుకునేవారు. 2020లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 10న వచ్చింది. పొద్దున వేసుకున్న గోలీలు వాంతి అయ్యాయి. మధ్యాహ్నానికి జ్వరం, నాలుక పిడచకట్టింది. చెంబు గడప దగ్గరుంది, ఆరేడు అడుగుల దూరం. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. బయట ఎండ, వాడంతా చప్పుడు లేదు.

నేనేం ప్రార్థించాలన్నా రెండు మాటలకే దగ్గు తెగ్గొడుతోంది. అప్పుడు నాకు తట్టింది ఇంతే: ఆయన నీళ్లడిగాడు. వివరణలన్నీ తర్వాత. ఒళ్లంతా గాయాలతో, నోరెండిపోయి, తనను కొట్టినవాళ్లు నిలబడి ఉన్న చోట దాహమని చెప్పాడు. వాళ్లిచ్చిన పులిసినదే పుచ్చుకున్నాడు. నేనేమో ఇంట్లో మనిషిని పిలవడానికి మొహమాటపడుతున్నాను.

"అత్తమ్మా" అని పిలిచాను. "లేవనొస్తలేదు. వచ్చి తాపుండ్రి."

చాలాసేపు జవాబు లేదు. తర్వాత కొంగు ముక్కుకు చుట్టుకుని వచ్చింది. తల కింద చెయ్యి పెట్టి లేపి, గుటకగుటకగా తాపింది. చెయ్యి వణికి సగం నీళ్లు నా మెడ మీద పడ్డాయి. "దేవుడా దేవుడా" అంటూనే ఉంది, అది ప్రార్థనో భయమో నాకు తెలీదు. పోతూ చెంబును మంచం కాళ్ల దగ్గర పెట్టి పోయింది.

ఆ తర్వాత అడగడం కొద్దికొద్దిగా అలవాటైంది. పక్కింటి ఖాలాను గుడ్లు అడిగాను. ఆమె రంజాన్ ఉపవాసంలో ఉండి కూడా నాకు ఉడకబెట్టి పంపింది. గోలీలు అయిపోయే ముందే ఆశా అక్కను అడిగాను. తిండికని ప్రభుత్వం ఇచ్చే డబ్బులు, అప్పట్లో నెలకు 500 (ఇప్పుడు 1000 చేశారు), ఖాతాలో పడలేదని బ్యాంకుకు పోయి అడిగాను. పాస్టరమ్మ ఫోన్ చేస్తే, "నాకు ప్రార్థన వస్తలేదమ్మా, మీరే చేయండి" అన్నాను. అది అనడానికి, నిజం చెప్పాలంటే, నీళ్లడిగిన దానికంటే ఎక్కువ కష్టమైంది. నా సొంత ప్రార్థన ఇప్పటికీ పొడుగ్గా సాగదు. సాగాలని కోరికా లేదు.

సెప్టెంబరులో మందు పూర్తయింది, తెమడలో క్రిమి లేదన్నారు. బరువు పెరిగాను. ఆ మరుసటి ఏడాది కోతల పండుగకు కందులు, మక్కలు, గుమ్మడికాయలు బలిపీఠం ముందు పోసిన రోజు సాక్ష్యం చెప్పమన్నారు. డబ్బీ గురించి చెప్పాను, నారింజ కన్నీళ్ల గురించి, ఆరు నెలల గోలీల గురించి, అత్తమ్మ తాపిన నీళ్ల గురించి చెప్పాను. దర్శనమో, రాత్రికి రాత్రి స్వస్థతో వినాలని కూర్చున్నవాళ్లు కొంచెం నిరాశపడ్డారు. కూర్చున్నాక ఒక పెద్దమనిషి "ఇంతేనా" అన్నది నాకు వినబడింది.

గుమ్మడికాయల వేలం జరుగుతుంటే ఒక ముసలమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. కొడుకు తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేస్తాడట, రెండు నెలల నుంచి దగ్గు. "బిడ్డా, ఆ డబ్బీ యాడిస్తరు?" అని అడిగింది. ఆశా అక్క నంబరు ఆమె ఫోన్‌లో ఎక్కించి ఇచ్చాను.