ఉల్విక్‌లో ఆపిల్ పూత, ఒక తోటమాలి కవిత్వం

నార్వే వెళ్తున్నానంటే ఫ్రెండ్స్ అందరూ నార్తర్న్ లైట్స్ చూస్తావా అనే అడిగారు. నేను వెళ్లింది మే మూడో వారంలో. అప్పుడక్కడ రాత్రి సరిగ్గా చీకటే పడదు, ఇక లైట్లెక్కడివి! బెర్గెన్ నుంచి వోస్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సు పట్టుకుని ఉల్విక్ చేరాను. చుట్టుపక్కల పల్లెలన్నీ కలిపినా వెయ్యి మంది పైచిలుకే. హార్డాంగర్ ఫ్యోర్డ్, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాని ఒక కొసన ఉంటుంది ఈ ఊరు. కింద నీళ్లు, గట్టు మీద పూతకొచ్చిన ఆపిల్ చెట్లు, పైన ఇంకా కరగని మంచు.

నేను వెళ్లింది మాత్రం ఊలావ్ హౌగె కోసం. 1908లో ఇక్కడే పుట్టి, 1994లో ఇక్కడే కన్నుమూసిన కవి. తోటపని చదువుకున్నాడు. మూడెకరాల ఆపిల్ తోటే ఆయన జీవనాధారం. కొమ్మలు కత్తిరించడం, కాయలు కోయడం, రాత్రి కూర్చుని చదవడం. ఇంగ్లిష్, జర్మన్, ఫ్రెంచ్ ఎక్కువగా పుస్తకాల్లోంచే పట్టేశాడు. హోల్డర్లిన్, బ్రెష్ట్, సెలాన్ లాంటి వాళ్లని తన భాషలోకి తెచ్చాడు. ఆ భాష కూడా నగరాల్లో ఎక్కువగా వాడే నార్వేజియన్ కాదు. పల్లె మాండలికాల్లోంచి పుట్టిన న్యూనోర్స్క్.

చెట్టు, కవి, ఫ్యోర్డ్... ఫొటోకి భలే ఉంటుంది. అందుకేనేమో ఆయన్ని ప్రశాంతమైన రైతు కవి అనేసి ఊరుకుంటారు. నాకది సగమే అనిపిస్తుంది. 1930లలో కొన్నేళ్లు ఆయన వాలెన్ మానసిక ఆసుపత్రిలో గడిపాడు. ఆ రోజుల్లో అలాంటి చోటి నుంచి అదే చిన్న ఊరికి, అందరూ ఎరిగినవాళ్ల మధ్యకి తిరిగొచ్చి బతకడం ఎలా ఉంటుందో ఊహించండి. మొదటి కవితల పుస్తకం 1946లో వచ్చింది, ఆయనకి ముప్ఫై ఎనిమిదో ఏట. ఇరవై ఎనిమిదికే ‘లేటైపోయాం బాస్’ అనుకునే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ లెక్క పెడితే ఎవరూ రిప్లై ఇవ్వలేదు.

మొదట్లో ఛందస్సు, ప్రాసలతో రాశాడు. పోనుపోనూ కవితలు చిన్నవయ్యాయి, మాటలు తగ్గాయి. 1966 నాటి సంపుటిలోని ఒక చిన్న కవితని, యాభై ఏళ్ల తర్వాత 2016లో నార్వే జనం ఓట్లేసి తమ దేశపు మేటి కవితగా ఎంచుకున్నారు. పోటీలంటే నాకు పెద్ద గౌరవం లేదు గానీ, ఇది చదివాక కాదనలేకపోయాను.

పెళ్లి కూడా అరవై దాటాకే. బూదిల్ కాపెలెన్ అనే నేత కళాకారిణి. అన్నేళ్ల ఒంటరితనంలో ఆయనకి తోడుంది డైరీ. 1924లో, టీనేజ్‌లో మొదలుపెట్టి చివరిదాకా రాశాడు. ఆయన పోయాక 2000లో అయిదు సంపుటాలుగా అచ్చయింది, దాదాపు నాలుగు వేల పేజీలు! కవితల్లో ఒక్క మాట ఎక్కువైతే ఓర్చుకోని మనిషి, ఇక్కడ మాత్రం ఆగలేదు.

ఊళ్లో ఆయన పేరుతో 2014 నుంచి ఒక కవితా కేంద్రం నడుస్తోంది. వెళ్లాలనుకుంటే పూతకి మే, కాయకి సెప్టెంబరు. తోటల్లో ఆపిల్ సైడర్ రుచి చూపిస్తారు, ధర చూసి గుండె పట్టుకోకండి. వోస్ వెళ్లే తిరుగు బస్సు టైము మాత్రం దిగగానే చూసి పెట్టుకోండి. ఒకటి తప్పితే ఇంకోటి వెంటనే రాదు.