డబ్బాలో గాలి ఆడాలి

లింగంపల్లి, ఎండాకాలం



ఎండలు ముదిరాయంటే మీ ఉత్తరాల్లో ఒకటే మాట. ‘కంప్యూటర్ ఊరికే వేడెక్కిపోతోంది, ఇంకో ఫ్యాన్ వేయించమంటారా?’ ఏసీ పెట్టించాలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు ఈసారి ఉత్తరమంతా దీనికే కేటాయిస్తున్నాను. మన లింగంపల్లి, నల్లగండ్ల, చందానగర్ ఇళ్లలో డెస్క్‌టాప్‌లు తక్కువేమీ లేవు. 2020లో ఆఫీసు ఇంటికొచ్చినప్పుడు కొన్నవి కొన్ని, పిల్లల ఆటల కోసం కొన్నవి కొన్ని, వీడియో ఎడిటింగ్ చేసుకునేవాళ్లు అసెంబుల్ చేయించుకున్నవి కొన్ని. నేను విప్పి చూసినవాటిలో చాలావాటికి ఫ్యాన్లు చాలక వేడెక్కడం లేదు. చల్లగాలి లోపలికి రావడానికి దారి లేదు, లేదంటే బయటికి పోయిన వేడిగాలే తిరిగి లోపలికి వస్తోంది.

ముందు కొలత సంగతి. ‘ప్రాసెసర్ 85 డిగ్రీలు చూపిస్తోంది, ప్రమాదమా?’ అని రాస్తారు. గది ఎంత వేడిగా ఉందో మాత్రం రాయరు. ఎంత ఖరీదైన ఫ్యాన్ అయినా కంప్యూటర్ డబ్బాను గదికన్నా చల్లగా చేయలేదు. పై అంతస్తు ఫ్లాట్‌లో మే నెల మధ్యాహ్నం గది 36 డిగ్రీలుంటే, డిసెంబర్‌లో అదే గది 24 ఉంటుంది. అదే మెషిన్, అదే పని. అయినా మే నెలలో ప్రాసెసర్ ఇంచుమించు 12 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఒక మామూలు థర్మామీటర్ తెచ్చి డబ్బా ముందు పెట్టండి. మీరు రోజూ చేసే బరువైన పనిని అరగంటపాటు నడిపించి, హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ కార్డు వేడి చూసుకోండి. వాటిలోంచి గది వేడి తీసేయండి. మిగిలిన అంకెను కాగితం మీద రాసిపెట్టుకోండి. మీరు చేసే ప్రతి మార్పునూ ఆ అంకెతోనే బేరీజు వేయాలి.

ప్రాసెసర్ కాలిపోతుందేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. ఇప్పటి ప్రాసెసర్లు తమను తాము కాపాడుకుంటాయి. ఇంటెల్‌వి చాలావరకు 100 డిగ్రీల దగ్గర, ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుసలోవి ఎక్కువగా 95 దగ్గర వేగం తగ్గించేసుకుంటాయి. నష్టం మీ పనికి. గంటలో అవ్వాల్సిన వీడియో గంటన్నర తీసుకుంటుంది. మదర్‌బోర్డు మీదా పవర్ సప్లై లోపలా ఉండే కెపాసిటర్లదీ ఆలోచించాల్సిన విషయమే. ద్రవం నింపిన రకం కెపాసిటర్లకు వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయుష్షు సగానికి సగం తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు లెక్క వేస్తారు.

ఇప్పుడు గాలి లెక్క. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషిన్ పనిలో ఉన్నప్పుడు 400 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఆ కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. లోపలి గాలి గదికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 37 లీటర్ల గాలి కదలాలి. మామూలు మిడ్ టవర్ క్యాబినెట్ మొత్తం కలిపితే 45, 50 లీటర్లు. అంటే దానిలోని గాలంతా సెకనున్నర లోపే మారిపోవాలి! పైగా మన హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో కన్నా ఇక్కడ గాలి ఐదారు శాతం పలచన. ఫ్యాన్ అంతే వేగంతో తిరిగినా మోసుకుపోయే వేడి ఆ మేరకు తక్కువే.

మన పాత ఇళ్లలో వీధి గుమ్మం, నడవా గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరుసలో పెట్టేవారు, గాలి ఇటు నుంచి అటు సాగిపోవడానికి. క్యాబినెట్‌లోనూ కావాల్సింది అదే. గాలి ముందు నుంచి వచ్చి, గ్రాఫిక్స్ కార్డునూ ప్రాసెసర్ కూలర్‌నూ తాకి, వెనక నుంచి, వెనకవైపు కప్పు నుంచి పోవాలి. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలామందికి సరిపోతుంది. మొత్తం 120 మిల్లీమీటర్లవే అయినా చాలు, ముందు 140వి పడితే మరీ మంచిది. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి అంతే గాలి ఇస్తుంది, చప్పుడు తక్కువ. ఖాళీ కనిపించిందని పైకప్పు ముందు భాగంలో ఇంకో ఫ్యాన్ బిగిస్తారు కొందరు. అది ముందు నుంచి వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా పోనివ్వకుండా మధ్యలోనే పైకి లాగేస్తుంది. దాన్ని తీసేయండి.

ఫ్యాన్ ఏ వైపు గాలి కొడుతుందో తెలియక తిరగేసి బిగించినవీ చూశాను. మామూలు క్యాబినెట్ ఫ్యాన్‌కు ఒకవైపు రెక్కలు తెరిచి ఉంటాయి, రెండోవైపు మోటారును పట్టుకునే అడ్డపుల్లలు ఉంటాయి. అడ్డపుల్లలున్న వైపు గాలి బయటికి వస్తుంది. నమ్మకం కుదరకపోతే అగరబత్తి వెలిగించి, మెషిన్ నడుస్తుండగా పొగను ముందు జాలీ దగ్గర పట్టుకోండి. బూడిద మాత్రం లోపల పడనివ్వకండి. పొగ గీతలా లోపలికి పోవాలి. తర్వాత వెనక్కి వెళ్లి, గ్రాఫిక్స్ కార్డు కింద ఉండే సన్నని కంతల దగ్గర పట్టండి. అక్కడ కూడా పొగ లోపలికే పోతోందా? అయితే బయటికి తోసే ఫ్యాన్లు ఎక్కువై, లోపలికి వచ్చే గాలి చాలక, మీ డబ్బా వెనక ఉన్న వేడిగాలినే మళ్లీ పీలుస్తోందన్నమాట. దుమ్ము కూడా ఫిల్టర్ లేని ఆ సందుల్లోంచే దూరుతుంది. లోపలికి వచ్చే గాలి ఒకింత ఎక్కువగా ఉంటేనే మన ప్రాంతానికి మేలు.

ముందు అద్దం బిగించిన క్యాబినెట్‌ల గురించి గట్టిగానే చెబుతాను. లోపల రంగురంగుల దీపాలు, ముందంతా నున్నటి గాజు, పక్కన వేలు పట్టేంత సందు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడు అలాంటిది కొన్నాడు. త్రీడీ బొమ్మలు చేసే పని అతనిది. ముందు పలక ఊడదీసి అదే పని నడిపిస్తే ప్రాసెసర్ దాదాపు పది డిగ్రీలు దిగింది. కొత్త ఫ్యాన్ ఒక్కటీ కొనలేదు! మీరూ ఈ పరీక్ష చేయండి. ముందు పలక తీస్తే అయిదు డిగ్రీలకు మించి తగ్గిందంటే ఆ పలకే గొంతు నొక్కుతోంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి కొనేటప్పుడు క్యాబినెట్ ముందు జాలీని వెలుతురుకు పెట్టి చూడండి. అవతలి వెలుతురు బాగా కనిపించేదాన్నే తీసుకోండి. మన ఎండలకు గాజు కన్నా జాలీ ముఖ్యం.

డబ్బా పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాన్ తిప్పుకునేవాళ్లున్నారు. పూటకు పనికొస్తుంది, ఏడాదంతా కాదు. నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి వైపు లేస్తున్న టవర్ల సిమెంటు, గ్రానైట్ కోసే పొడి, ఎర్రమట్టి మన కిటికీల్లోంచి ఎలా వస్తున్నాయో మీకు నేను చెప్పాలా? తెరిచిన డబ్బాలో బల్లులు కాపురం పెడతాయి. ముందు జాలీని పదిహేను రోజులకోసారి తీసి కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. మూడు నాలుగు నెలలకోసారి ప్లగ్ పీకి, డబ్బాను బాల్కనీలోకి తెచ్చి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేదంటే గాలి జోరుకు మితిమీరి తిరిగి బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ కూలర్‌కు ఫ్యాన్ ఊడదీయకపోతే అసలు మురికి కనబడదు. ఫ్యాన్‌కూ అల్యూమినియం రేకులకూ మధ్య దుమ్ము మందపాటి తెరలా అట్టకట్టి ఉంటుంది. దాన్ని మెత్తటి బ్రష్‌తో పైకి లేపితే ఒకే ముక్కగా ఊడి వస్తుంది.

ఇక డబ్బా ఎక్కడ పెట్టారన్నది. కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న చెక్క అరలో పెట్టినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, బయటికి తీయండి. వెనక నుంచి వచ్చిన వేడిగాలికి పోయే చోటు లేక, చుట్టూ తిరిగి ముందుకొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. 2022 నవంబర్‌లో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్ మొదలుపెట్టింది. అంత పెద్ద డేటా సెంటర్లలోనూ అమలయ్యే సూత్రం ఇదే. సర్వర్ల వరుసలను ఎదురెదురుగా నిలబెట్టి, చల్లగాలి వచ్చే నడవను, వేడిగాలి పోయే నడవను వేరు చేస్తారు. రెండూ కలవకుండా చూడటమే అక్కడ పెద్ద పని. మనకు అంత అక్కర్లేదు. గోడకూ డబ్బా వెనకకూ మధ్య జానెడు ఖాళీ, నేల మీద నుంచి బెత్తెడు ఎత్తు చాలు. చాలా క్యాబినెట్లలో పవర్ సప్లై కింది నుంచే గాలి పీలుస్తుంది కాబట్టి ఆ ఎత్తు తప్పనిసరి. యూపీఎస్‌ను డబ్బా ముందు జాలీకి ఆనించి పెట్టొద్దు.

నీళ్ల కూలింగ్ పెట్టించమంటారా అని అడిగినవాళ్లకు: నీళ్లు వేడిని ఒకచోట నుంచి మరోచోటికి చేరవేస్తాయంతే, చివరికి దాన్ని ఆ గది గాలిలోకే వదలాలి. దారి లేని డబ్బాలో అదీ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మంచి జాలీ క్యాబినెట్, ఒక పెద్ద టవర్ కూలర్ కొనండి, మిగిలిన డబ్బు దాచుకోండి.

ఏసీ వేస్తే గది ఎన్ని డిగ్రీలు దిగితే డబ్బా దాదాపు అన్నే దిగుతుంది. కానీ 400 వాట్ల మెషిన్, ఒక టన్ను ఏసీ తీయగల వేడిలో తొమ్మిదో వంతును తనే గదిలోకి వదులుతుంది. బిల్లు వచ్చినప్పుడు అది గుర్తుంచుకోండి. గడ్డి పలకల కూలర్ వాడేవాళ్లు తేమకు భయపడక్కర్లేదు. లోపలి భాగాలు గాలికన్నా వేడిగా ఉంటాయి కాబట్టి వాటి మీద నీరు పట్టదు. అయితే కూలర్ చిమ్మే తుంపరలు ఎండితే ఉప్పు మరకలు మిగులుతాయి, మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కూలర్ ముఖం డబ్బా వైపు తిప్పకుండా, గది మొత్తానికి గాలి వచ్చేలా పెట్టండి.

రోహిణి కార్తె వచ్చేలోగా ఈ పనులు చేసి నాకు రాయండి. గది వేడి, ప్రాసెసర్ వేడి, డబ్బా ఎక్కడ పెట్టారు, ఏ ఫ్యాన్ ఎటు గాలి కొడుతోంది, ఈ నాలుగూ ఉంటే సలహా చెప్పడం నాకు తేలిక. డబ్బా వెనక భాగం ఫొటో కూడా పంపితే మరీ మంచిది.

ఉంటాను,
మీ లింగంపల్లి మిత్రుడు