చివరి పేజీ లేని గూఢచారి

మొన్న మా మేనల్లుడు ఫోన్లో ‘చంటబ్బాయి’ చూసి, పొట్ట పట్టుకుని నవ్వి, “మామా, ఈ సినిమాను నవలగా కూడా వేశారంట గదా?” అన్నాడు. ఒళ్లు మండింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలనే గదరా 1986లో జంధ్యాల సినిమాగా తీసింది! అమ్మను చూపించి, ఈమె మీ కూతురా అని అడిగినట్టుంది.

వాడిదీ పూర్తిగా తప్పు కాదులెండి. సినిమాను నవలగా రాయడం మనకూ ఉంది. వెండితెర నవల అనేవాళ్లు. రావి కొండలరావు ‘మాయాబజార్’ అట్లా రాసిందే. కానీ నవ్వించే గూఢచారిని తెర మీంచి కాగితం మీదికి దించండి చూద్దాం. ‘చంటబ్బాయి’లో జేమ్స్ పాండ్‌నని చెప్పుకు తిరిగే పాండురంగారావు నవ్వులో సగం చిరంజీవి ఒంట్లోనే ఉంది. ‘పాండ్ తత్తరపడ్డాడు’ అని అచ్చేస్తే ఎవడు నవ్వుతాడు? మల్లాది ముందే మాటల్లో నవ్వించాడు గనక బతికిపోయాడు.

1977లో బాండ్ సినిమా ‘ది స్పై హూ లవ్డ్ మీ’కీ ఈ తంటా వచ్చింది. బాండ్‌ను పుట్టించిన రచయిత ఫ్లెమింగ్ తన నవల పేరు వాడుకోనిచ్చాడు గానీ కథ ముట్టుకోనివ్వలేదు. స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకడైన క్రిస్టఫర్ వుడ్ సినిమానే మళ్లీ నవలగా రాశాడు. తెర మీద బాండ్‌గా వేసిన రోజర్ మూర్ చిలిపితనం చాలావరకు తీసేసి, బాండ్‌ను బుద్ధిమంతుణ్ణి చేశాడు. నాకైతే అది ఓటమి ఒప్పుకోవడమే.

అసలు నా కడుపుమంట వేరే. గిద్దలూరులో చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకున్న ఒక డిటెక్టివ్ నవల. మీటర్ గేజి బండెక్కి చదువుతుంటే కంభం దాటేసరికి కథ మంచి పట్టులో పడింది. తర్లుపాడు వచ్చేసరికి చివరి నాలుగు పేజీలు లేవు. ఎవడో చించుకుపోయాడు! తిరిగిచ్చేటప్పుడు కొట్టాయన నేనే చించానని రెండు రూపాయలు గుంజాడు. ఆ రెండు రూపాయలు ఇవాళ్టికీ నన్ను పొడుస్తుంటాయి. హంతకుడెవరో మాత్రం ఇప్పటికీ తెలీదు.

ఆ సెలవుల్లో మార్కాపురం మేనత్త ఇంట్లో, పలకల ఊరే గదా, ఒక కొత్త పలక మీద ముగింపు నేనే రాసుకున్నా. ఒకరోజు డాక్టరే హంతకుడు, మర్నాడు వంటవాడు. దొండాకూ బొగ్గూ కలిపి రుద్దితే పలక నల్లగా నిగనిగలాడేది. అత్త పక్కనే కూర్చుని కొత్త బలపం విరగకుండా కొస అరగదీసి చేతికిచ్చేది. అప్పటి బలపాలు గీస్తే కిర్రుమనేవి కావు. మెత్తగా, పాలతో రాసినట్టు పడేవి.