తాళంచెవి ఎవరి కొంగున?

పసివాళ్ల నాలుక మీద కనిపించే తెల్లటి పూతను చాలామంది పాల మరకే అనుకుంటారు. తుడిచినా పోకపోతే అప్పుడు కంగారు. కట్టుడు పళ్లు పెట్టుకునే బామ్మలకీ, షుగరున్న తాతయ్యలకీ కూడా అది వస్తుంటుంది. కారణం క్యాండిడా అల్బికాన్స్ అనే ఫంగస్. నిజానికది కొత్త చుట్టమేం కాదు. ఎంతోమంది నోట్లో, పేగుల్లో ఎప్పుడూ ఉండేదే. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ అణిగిమణిగి ఉంటుంది.

దాన్ని అదుపు చేసే ఉపాయాల్లో ఒకటి, ఇనుము అందకుండా చూడటం. ఇనుము లేనిదే ఫంగస్ పెరగలేదు. అందుకే బీరువా తాళంచెవి కొంగుకు ముడేసుకున్న ఇల్లాలిలా శరీరం తన ఇనుమును దాచుకుంటుంది. అందులో ఎక్కువ భాగం రక్తంలోని హిమోగ్లోబిన్‌లో, హీమ్ అనే అణువు నడుమ భద్రంగా ఉంటుంది. రక్తంలో విడిగా తిరిగే కాస్త ఇనుమునీ ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పట్టుకుని ఉంటుంది.

మరి క్యాండిడా తక్కువ తిన్నదా? దాని కణం చుట్టూ ఓ గోడ ఉంటుంది. ఆ గోడలోనే ఉంది కిటుకంతా. సీఎస్ఏ2 అనే ప్రోటీన్ గోడ దాటి బయటికెళ్లి, హిమోగ్లోబిన్ నుంచి హీమ్‌ను లాక్కుంటుంది. దాన్ని గోడలో కాపు కాసిన ఆర్‌బీటీ5 అందుకుంటుంది. అక్కణ్నుంచి పీజీఏ7కి, ఆపైన కణం లోపలికి... మేడ కట్టేచోట ఇటుకలు చేతులు మారినట్టే! 2016లో సీఎస్ఏ2 ఆకృతి బయటపడింది. హిమోగ్లోబిన్‌లో ఇనుమును పట్టుకునేది హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. ఇక్కడ మాత్రం ఆ పని ఆస్పార్టేట్‌ది.

నాలుక మీద ఉన్నంతవరకూ ఈ ఫంగస్ చిన్న సమస్యే. ఐసీయూలో ఉన్న రోగి రక్తంలోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో ఇది మొదటి వరసలోనే ఉంది. మందులేమో తక్కువ. ఫంగస్ కణాలు బ్యాక్టీరియా కన్నా మనిషి కణాలకే దగ్గర పోలిక. దాన్ని చంపబోతే మనిషికీ దెబ్బ తగలొచ్చు. ఆర్‌బీటీ5 లాంటి ప్రోటీన్లు మనిషిలో లేవు కాబట్టి పరిశోధకుల చూపు వాటి మీద పడింది.

2021లో తెలుగు ఇళ్లను వణికించిన బ్లాక్ ఫంగస్ వేరే జాతి. దానిదీ ఇనుము ఆకలే. షుగరు అదుపు తప్పి రక్తంలో ఆమ్లాలు పెరిగితే ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలుతుంది. దాచిన ఇనుము దొంగ చేతికి చిక్కుతుంది. వేళకు మాత్ర వేసుకోవడం, డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ల జోలికి పోకపోవడం చాదస్తం కాదు. కొంగున తాళంచెవి జారకుండా చూసుకోవడం.