అందరికీ ఓకేనా?

వీడియో మీటింగులో "వినబడుతోందా?" అని అడిగితే కనీసం ఎవరో ఒకరు తలూపుతారు. "అందరికీ ఓకేనా?" అన్న ప్రశ్నకు ఆ పాటి మర్యాద కూడా దక్కదు. పన్నెండు గళ్లలోంచి ఒక్క మాట రాదు. టీమ్ లీడరు రెండు క్షణాలు ఆగి, "సరే, అయితే అలాగే కానిద్దాం" అనేసి ముగిస్తాడు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు చెప్పింది ఎదురుగా కూర్చున్న మనిషి గురించి. ఇక్కడ మ్యూట్ తియ్యడం మరిచిపోయి ఉండొచ్చు, నెట్ పోయి ఉండొచ్చు, స్టవ్ మీద పాలు పొంగుతుంటే వంటింట్లోకి పరుగెత్తి ఉండొచ్చు. నిజంగానే అభ్యంతరం ఉన్నా, అందరి ముందూ నేనే ఎందుకు చెడ్డవాణ్ణవ్వాలని ఊరుకున్నవాడూ ఉంటాడు. వాడి సంగతి వారం తర్వాత పని ఆగినప్పుడు గానీ బయటపడదు.

మీటింగు నడిపే విద్య నేర్చుకోవాలంటే మేనేజ్‌మెంటు పుస్తకాల కన్నా మా పైవాటాలోని సంగీతం టీచరుగారి క్లాసు చూడమంటాను. శనివారం పొద్దున ఆరింటికి విజయవాడలో ఆవిడ లాప్‌టాప్ తెరిస్తే, ఎండాకాలమైతే డాలస్‌లో అప్పుడు శుక్రవారం సాయంత్రం ఏడున్నర. పిల్లలు ఆరుగురు. "అందరూ కలిసి పాడండి" అన్న మాట ఆవిడ నోట రాదు. కలిసి పాడేవాళ్ల మధ్య ధ్వని ఓ 30 మిల్లీసెకన్లు ఆలస్యమైతేనే లయ జారిపోతుంది. డాలస్‌కి మాట చేరడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. అందుకని మాయామాళవగౌళలో సరళీ స్వరాలు ఒక వరుస తను పాడి ఆపుతారు. తర్వాత పేరు పెట్టి పిలుస్తారు. పిలుపు అందుకున్న పిల్ల మ్యూట్ తీసి, తన తాళం తనే వేసుకుంటూ పాడుతుంది. అంతసేపూ టీచరుగారు చెయ్యి కదపరు. కదిపితే ఆ దెబ్బ తెర మీద ఆలస్యంగా కనబడి, పిల్ల దాన్ని అందుకోబోయి తడబడుతుంది. మిగతా ఐదుగురూ హాయిగా దిక్కులు చూడ్డానికి లేదు. "ఇప్పుడు దాని రిషభం ఎలా ఉందే?" అని ఎవర్నైనా అడుగుతారు మరి.

తంబురాది ఇంకో తంటా. ఎడతెగకుండా ఒకే తీరుగా మోగుతుంది కాబట్టి జూమ్ దాన్ని ఫ్యాను చప్పుడు కింద జమకట్టి నొక్కేస్తుంది. అంచేత తల్లిదండ్రుల చేత సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ పెట్టించి, తంబురా యాప్ ఎవరింట్లో వాళ్లనే మోగించుకోమన్నారు. ఇదంతా మొదటి క్లాసుకి ముందే ఫోన్లో తేల్చేశారు. మన ఆఫీసుల్లో మాత్రం స్క్రీన్ షేర్ కావట్లేదన్న సంగతి పదిమంది చేరాకే తెలుస్తుంది.

పాటకొచ్చిన చిక్కే మాటకీ ఉంది, కాకపోతే మనం గమనించం. పది భాషల సంభాషణల మీద 2009లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, ఒకరు ఆపడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతు. ఫోన్ల వ్యవస్థకు అంతర్జాతీయ టెలికం సంస్థ మేలని చెప్పే హద్దేమో ఒకవైపుకి 150 మిల్లీసెకన్లు. రానూ పోనూ కలిపితే ఆ ఎడం దాటిపోయింది. అందుకే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఒకేసారి ఆగడం, "మీరు చెప్పండి", "లేదు లేదు, మీరే చెప్పండి" అని మొహమాటాలు. ఈ గొడవలో గెలిచేది గట్టి గొంతు. మెతక మనిషి రెండుసార్లు ప్రయత్నించి ఊరుకుంటాడు. నడిపేవాడు వంతు ఇవ్వకపోతే అతనికి వంతు రానే రాదు.

పేరు పెట్టి పిలవడమంటే వైవా పరీక్ష పెట్టమని కాదు. "రేపు ఈ డిజైన్ మీద నీ మాట అడుగుతాను" అని ముందురోజే ఒక మెసేజ్ పెడితే చాలు. చిన్నవాళ్లను ముందు అడగాలి, పెద్దాయన చివర మాట్లాడాలి. పెద్దాయన మొదటే తేల్చేస్తే తర్వాత వచ్చేవన్నీ తానతందానలే. ఇక అయిదుగురు ఆఫీసులో ఒక గదిలో కూర్చుని, ఆరోవాడు ఇంటినుంచి కలిసినప్పుడు, ఆ గదిలో నవ్వులన్నీ అతనికి అర్థంకాని గలభాలాగే వినబడతాయి. ఒక్కడు బయటున్నా సరే, తక్కినవాళ్లు కూడా ఎవరి సీట్లో వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కలవడం న్యాయం.

కెమెరా విషయంలో నేను, ఆపేస్తామనే పిల్లల పక్షం. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో మీటింగుల అలసటకు చెప్పిన కారణాల్లో ఒకటి, గంటల తరబడి మన మొహం మనకే కనబడుతూ ఉండటం. పనిచేస్తున్నంతసేపూ ఎదురుగా అద్దం పట్టుకుని ఎవరైనా నిలబడితే ఊరుకుంటామా? మన బొమ్మ మనకు కనబడకుండా దాచుకునే వీలుంది, వాడుకోవాలి. వినే వంతులో కెమెరా ఆపితే కొంపలేం మునగవు. మాట్లాడే వంతు వచ్చినప్పుడు పెడితే చాలు.

బడిపంతుళ్ల కష్టం వేరు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలైనప్పుడు అటు టీవీ మాట్లాడేది, ఇటు పిల్లవాడు చూసేవాడు, అంతే. జూమ్‌లో జవాబు చెప్పే దారి ఉండి కూడా మనం దాన్ని టీవీలాగే వాడాం. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని వస్తుంది, అది క్లాసులోనూ వచ్చేదే. దాని బదులు చిన్న లెక్క ఇచ్చి, చాట్‌లో జవాబు రాసి ఉంచండి, నేను చెప్పాకే అందరూ ఒకేసారి పంపండి అంటే ఎవరికి ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది. ఎన్నడూ చెయ్యెత్తని పిల్ల కూడా అక్కడ రాస్తుంది.

చివరగా అమెరికాలో ఉండే మన టీమ్ లీడర్లకు ఒక విన్నపం. న్యూజెర్సీ లెక్కన పొద్దున తొమ్మిదిన్నర కాల్ ఎండాకాలంలో హైదరాబాదులో రాత్రి ఏడింటికి. నవంబరు మొదటి ఆదివారం మీరు గడియారం వెనక్కి తిప్పుకోగానే అది ఎనిమిదింటికి, సరిగ్గా మా పిల్లల అన్నాల వేళకి వచ్చి కూర్చుంటుంది. మీ గడియారంతోపాటు ఆ కాల్‌ని కూడా ఒక గంట వెనక్కి, ఎనిమిదిన్నరకి జరపండి.